స్కర్టుదే మొదటి మాట: అంచుకూ హీల్‌కూ బ్యాగుకూ పొంతన ఎలా కుదురుతుంది?

మంచి డిజైనర్ స్కర్టు, పేరున్న సంస్థ చెప్పులు, ఎన్నాళ్లుగానో డబ్బు కూడబెట్టి కొనుక్కున్న హ్యాండ్‌బ్యాగు, ఈ మూడూ విడివిడిగా చూస్తే కళ్లు తిప్పుకోలేం. తీరా మూడింటినీ ఒకేసారి వేసుకుని అద్దం ముందు నిలబడితే ఎక్కడో ఏదో అతకలేదనిపిస్తుంది. అప్పుడు చాలామంది తప్పును రంగుల మీదికి నెట్టేస్తారు. బ్యాగు నల్లది కనుక చెప్పులూ నల్లవే కావాలేమో, స్కర్టులోని మెరూన్ ఇంకెక్కడైనా కనిపించాలేమో అని వెతుకులాట మొదలవుతుంది. రంగులకు పాత్ర లేదని కాదు గానీ, అసలు చిక్కు చాలా సందర్భాల్లో కొలతల దగ్గరే ఉంటుంది. స్కర్టు అంచు కాలి మీద ఏ చోట ఆగింది, చెప్పుల హీల్ ఎంత ఎత్తుంది, బ్యాగు ఒంటికి ఏ ఎత్తున వేలాడుతోంది అన్న మూడు కొలతలకూ పొంతన కుదిరితే రంగులో కాస్త తేడా ఉన్నా కన్ను పట్టించుకోదు. ఆ పొంతన లేకపోతే ఎంత ఖరీదైన తోలు తెచ్చినా లోపం కప్పబడదు.

ఈ మూడింటిలో నిర్ణయించే హక్కు స్కర్టుకే ఉండాలన్నది నా అభిప్రాయం. ఒంటి మీద ఎక్కువ చోటు ఆక్రమించేది అదే, నడిచినప్పుడు కదిలేదీ అదే, నడుము ఎక్కడుందో కాలు ఎక్కడ మొదలవుతుందో చూసేవారికి చెప్పేదీ అదే. చెప్పులు దాని అంచుకు బదులు చెప్పాలి, బ్యాగు దాని ఆకారానికి బదులు చెప్పాలి. చాలామంది షాపింగ్ దీనికి సరిగ్గా తిరగబడిన వరుసలో సాగుతుంది. ముందు బ్యాగు కొంటారు, దానికి తగ్గ చెప్పులు వెతుకుతారు, చివరికి మిగిలిన డబ్బుతో ఏదో ఒక స్కర్టు తీసుకుంటారు. బ్యాగుకు సైజు బాధ లేదు, ఎవరికైనా సరిపోతుంది, కొనడం సులభం; అందుకే కంపెనీలు కూడా దాన్నే ముందు పెట్టి అమ్ముతాయి.

అంచుకూ హీల్‌కూ ఉన్న సంబంధం ఎవరో స్టైలిస్టు కూర్చుని రాసిన సూత్రం కాదు. గత శతాబ్దపు ఫ్యాషన్ చరిత్రలో రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూస్తే అది దానంతటదే కనిపిస్తుంది. మొదటిది 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో డిజైనర్ క్రిస్టియన్ డియోర్ తన తొలి సేకరణను ప్రదర్శించిన రోజు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బట్టకు కరువొచ్చి, బ్రిటన్‌లో దుస్తులకు రేషన్ కూపన్లు పెట్టి, అమెరికాలో స్కర్టు పొడవు మీదా ఘేరా (చుట్టూ బట్ట వెడల్పు) మీదా ప్రభుత్వమే పరిమితులు విధించి, ఆడవారి స్కర్టులు మోకాలి దగ్గరికి, ఒంటికి దగ్గరగా కుదించుకుపోయాయి. డియోర్ ఆ పరిమితులను ఒక్కసారిగా తోసిపుచ్చి, నడుమును బిగించి, తుంటి దగ్గర ఒత్తు పెట్టి, లోపల గట్టి బట్ట వేసి, గజాల కొద్దీ వస్త్రంతో పిక్కల కిందిదాకా జారే స్కర్టును తెచ్చారు. ఫ్యాషన్ పత్రిక హార్పర్స్ బజార్ సంపాదకురాలు కార్మెల్ స్నో నోట వెలువడిన మాటే ఆ తీరుకు ‘న్యూ లుక్’ అనే పేరై నిలిచిపోయింది. అంత బట్ట కాలిని దాదాపుగా కప్పేశాక మిగిలింది చీలమండ, పాదం మాత్రమే. ఆ కాస్త చోటూ బరువుగా కనిపిస్తే మొత్తం ఆకారమే నేలకు అంటుకుపోతుంది కాబట్టి దానికి సన్నటి, ఎత్తైన హీల్ అవసరమైంది. 1953 నుంచి డియోర్ సంస్థ కోసం బూట్లు రూపొందించిన రోజే వివియే, సూదిలాంటి స్టిలెట్టో హీల్‌కు పేరు తెచ్చినవారిలో ముఖ్యుడు కావడం కాకతాళీయం కాదు.

రెండో ఘట్టం 1964. డిజైనర్ ఆంద్రే కురేజ్ అదే పారిస్‌లో స్కర్టు అంచును మోకాలి పైకి లేపారు. లండన్‌లో మేరీ క్వాంట్ అదే కాలంలో మినీ స్కర్టును వీధిలోకి తెచ్చారు. కురేజ్ ఆ పొట్టి స్కర్టుల కింద ఎత్తు హీల్ పెట్టలేదు, పూర్తిగా చదునైన తెల్ల బూట్లు వేయించారు. కాలంతా బయటికి వచ్చాక దాన్ని పొడవుగా చూపించడానికి వేరే సాయం అక్కర్లేదు. పైగా పొట్టి స్కర్టుకు ఎత్తు హీల్ తోడైతే చూపు మొత్తం కాళ్ల మీదే ఆగిపోయి దుస్తుల ఆకారం తెరమరుగవుతుంది. అంచు దిగితే హీల్ లేచింది, అంచు లేస్తే హీల్ దిగింది. ఇది శిలాశాసనమేమీ కాదు, దీన్ని కావాలని తప్పే డిజైనర్లు ఎప్పుడూ ఉంటారు. అయినా అద్దం ముందు ఏదో అతకలేదనిపించినప్పుడు మొదట పరీక్షించవలసింది ఈ లెక్కనే.

షనెల్ మూడేళ్లలో విప్పిన ముడి

ఈ మూడు వస్తువుల పొంతనను ఒకే బుర్ర ఒక పద్ధతి ప్రకారం సాధించిన సందర్భం చూడాలంటే ఫ్రెంచ్ డిజైనర్ గాబ్రియెల్ షనెల్ దగ్గరికి రావాలి. యుద్ధం మొదలైన 1939లో మూసేసిన తన దుస్తుల సంస్థను ఆమె 1954లో, 70 ఏళ్ల వయసులో, మళ్లీ తెరిచారు. బిగించిన నడుములూ ఒత్తులు పెట్టిన తుంట్లూ ఆడవారిని మళ్లీ వెనక్కి లాగుతున్నాయని ఆమెకు గట్టి పట్టింపు. ఆమె ఇచ్చిన బదులు ట్వీడ్ అనే ముతక ఉన్ని బట్టతో కుట్టిన సూటు: తుంటి మీద తేలిగ్గా కూర్చుని, మోకాలిని కప్పి ఆగే నిటారు స్కర్టు, దాని మీద లోపలి అంచు వెంట సన్నటి గొలుసు కుట్టిన పొట్టి జాకెట్. ఆ గొలుసు అలంకారం కాదు. చేతులెత్తినా దించినా జాకెట్ కింది అంచు పైకి లేవకుండా నిలువుగా పడేటందుకు పెట్టిన బరువు.

తర్వాత వచ్చిన హ్యాండ్‌బ్యాగు 1955 ఫిబ్రవరిలో తయారైంది, అందుకే దాని పేరు 2.55. పొడవాటి గొలుసు పట్టీతో భుజానికి తగిలించుకునే బ్యాగు అది. ఆ రోజుల్లో మర్యాదస్తులైన స్త్రీలు చేతిలో పట్టుకునే బ్యాగులే వాడేవారు. భుజానికి వేలాడే సంచులు అంతకుముందు లేవని కాదు, సైనికులకూ ప్రయాణికులకూ ఉండేవి. దాన్ని పెద్దింటి అలంకరణలోకి తేవడమే కొత్త. అది ఎందుకు కుదిరిందో కొంచెం ఆగి చూడాలి. డియోర్ స్కర్టు తుంటి దగ్గర గంటలా విచ్చుకుంటుంది. దాని పక్కన గొలుసుతో బ్యాగు వేలాడదీస్తే విచ్చుకున్న బట్ట ఒకవైపు అణిగిపోయి, నడుము దగ్గర పడిన కష్టమంతా వృథా అవుతుంది. ఆ స్కర్టుకు చేతిలో పట్టుకునే చిన్న బ్యాగే తగును. షనెల్ స్కర్టు తుంటి దగ్గర చదునుగా, నిలువుగా ఉంటుంది కనుక పక్కన వేలాడే బ్యాగును అది హాయిగా మోస్తుంది. బ్యాగు ఎక్కడ వేలాడాలో స్కర్టు ఆకారమే తేల్చింది.

చెప్పు 1957లో వచ్చింది. చెప్పుల తయారీలో పేరున్న మసారో సంస్థతో చేయించిన ఆ జత లేత గోధుమరంగు తోలుతో ఉంటుంది, వేళ్ల దగ్గర మాత్రం నలుపు, వెనక మడమను పట్టి ఉంచే సన్నటి పట్టీ, మరీ ఎత్తు కాని హీల్. ప్రతి భాగానికీ ఒక పని ఉంది. లేత గోధుమరంగు వేసుకున్నామె చర్మం రంగుకు దగ్గరగా ఉండి కాలు పాదం దగ్గర ఆగకుండా ముందుకు సాగినట్టు చూపిస్తుంది. ముందున్న నలుపు పాదం పొడవును తగ్గించి చూపిస్తుంది, దుమ్మూ గీతలూ కనబడనివ్వదు. మడమ వెనక తెరిచి ఉండడంతో మోకాలి కింది నుంచి నేల వరకు చూపుకు అడ్డు పడే గీత ఏదీ లేదు. అంచు మోకాలి దగ్గర ఆగడంతో పిక్క మొత్తం బయటికి కనిపిస్తోంది, హీల్ మధ్యస్థంగా ఉంటే సరిపోయింది. 1954 నుంచి 1957 వరకు ఆమె ఒక్కో వస్తువును ముందు వచ్చిన దానికి బదులుగా తయారు చేశారు. ఈ రోజుల్లో ఆ బ్యాగునో ఆ చెప్పునో విడిగా కొని, నేలను తాకే ఘేరా లంగా మీద వేసుకుని అది ఎందుకు కుదరలేదా అని ఆశ్చర్యపోవడం అన్యాయమే అనిపిస్తుంది. ఆ వస్తువుల్లో లోపం లేదు, వాటిని పుట్టించిన స్కర్టు అక్కడ లేదు.

అంచు దగ్గర తేలే సంగతులు

మన దగ్గర ఎక్కువ ఇబ్బంది పెట్టేది మిడి పొడవు, అంటే మోకాలికీ చీలమండకూ మధ్య ఎక్కడో ఆగే స్కర్టు. పిక్క అన్నిటికంటే లావుగా ఉండే చోట అంచు ఆగితే కాలు అక్కడ తెగినట్టు, ఉన్నదానికంటే బరువుగా కనిపిస్తుంది. అదే అంచు రెండు మూడు వేళ్ల వెడల్పు పైకి, అంటే మోకాలి కింద కాలు సన్నబడే చోటికి జరిగినా, కిందికి, అంటే పిక్క దాటి చీలమండ వైపు సన్నబడే చోటికి దిగినా బొమ్మ మారిపోతుంది. యూరప్ సంస్థల స్కర్టుల్లో చాలావాటిని సగటు తెలుగు ఆడవారి కంటే పొడవైనవారిని దృష్టిలో పెట్టుకుని కత్తిరిస్తారు కనుక, మోడల్ ఒంటి మీద మోకాలి కింద అందంగా ఆగిన అంచు మనకు వచ్చేసరికి సరిగ్గా పిక్క మధ్యకు దిగుతుంది. లోపం స్కర్టుదీ కాదు, కాలిదీ కాదు, ఆ కొన్ని సెంటీమీటర్లది.

కాబట్టి కొన్న స్కర్టును పొట్టి చేయించడానికి వెనుకాడకూడదు. అయితే ఎక్కడి నుంచి తగ్గించాలన్నది స్కర్టును బట్టి ఉంటుంది. శాశ్వతంగా మడతలు నొక్కిన ప్లీటెడ్ స్కర్టును కింద కత్తిరించి మళ్లీ మడిచి కుడితే అంచు దగ్గర ప్లీట్లు విచ్చుకుపోయి పదును పోతుంది. దాన్ని నడుము పట్టీ విప్పి పైనుంచి తగ్గించాలి. అంచున బార్డరు ఉన్నదానికీ ఇదే దారి. నడుము నుంచి కిందికి వెడల్పయ్యే ఏ-లైన్ స్కర్టును కింద కత్తిరిస్తే కొంత ఘేరా పోతుంది, అది మనకు సమ్మతమైతే పర్వాలేదు. పూర్తి వృత్తాకారంలో కత్తిరించిన స్కర్టులోనూ, బట్టను ఏటవాలుగా వాడిన బయాస్ కట్‌లోనూ కొన్ని చోట్ల బట్ట తన బరువుకే కిందికి సాగుతుంది. వాటిని ఒక రోజంతా వేలాడదీసి, సాగవలసినంత సాగాక అప్పుడు అంచు సరిచేయాలి. తొందరపడి కుట్టేస్తే నెల తిరక్కుండానే అంచు ఎగుడుదిగుడుగా వేలాడుతుంది. ఎదిగే ఆడపిల్లల పట్టు లంగాల్లో లోపలికి మడత వేసి, ఏటా కొంచెం కొంచెం వదిలే నేర్పు మన టైలర్లకు కొత్త కాదు. వారికి విషయం వివరంగా చెబితే ఇవన్నీ చక్కగా చేసిపెడతారు.

కొలత తీసేటప్పుడు నడుము నుంచి టేపు వేయడం సరిపోదు. తుంటి ఒకవైపు కాస్త ఎత్తుగానో, వెనకభాగం కాస్త నిండుగానో ఉన్నవారికి నడుము నుంచి సమానంగా కొలిచిన స్కర్టు వెనకవైపు లేచిపోతుంది. మంచి కుట్టుపనివారు నేల నుంచి అంచు వరకు స్కేలు నిలువుగా పెట్టి, చుట్టూ తిరుగుతూ సుద్దతో గుర్తులు పెడతారు. ఆ సమయంలో దాంతో వేసుకోబోయే చెప్పులు కాలికి ఉండి తీరాలి. ఎందుకంటే, హీల్ వేసుకోవడం వల్ల కాలి మీద అంచు ఉండే చోటు మారదు గానీ, మిగతావన్నీ మారతాయి: అంచు నేల నుంచి లేస్తుంది, పిక్క కండరం బిగుసుకుని పైకి జరుగుతుంది, పాదం వంగి కాలికి కొనసాగింపులా కనిపిస్తుంది, వెన్ను నిలిచే తీరు మారి స్కర్టు ముందూ వెనకా పడే విధానం కూడా కొంచెం మారుతుంది. నేలను దాదాపుగా తాకే పొడవు స్కర్టుల విషయంలో ఇది ఇంకా కీలకం. ఉత్త కాళ్లతో కొలిచిన స్కర్టు హీల్స్‌తో పొట్టిదైపోతుంది, హీల్స్‌తో కొలిచినది చదును చెప్పులతో కాళ్లకు అడ్డం పడుతుంది. రెండు రకాల చెప్పులకూ ఒకే పొడవు స్కర్టు సరిపోవాలనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు.

చెప్పుల ఆకారంలో హీల్ ఎత్తు తర్వాత చూడవలసింది పాదం మీద అది ఎక్కడ ఆగిందన్నది. వేళ్ల మొదళ్లకు దగ్గరగా తెరిచి ఉన్న పంప్ (పట్టీలు లేని, వేళ్లు మూసే చెప్పు) పాదాన్ని ఎక్కువగా చూపి, కాలిని పొడిగిస్తుంది. చీలమండ చుట్టూ తిరిగే పట్టీ అక్కడొక అడ్డగీత గీస్తుంది. మోకాలి పైకి ఉన్న స్కర్టుతో ఆ గీత అందంగానే ఉంటుంది గానీ మిడితో కలిస్తే అంచు ఒక గీత, పట్టీ ఇంకో గీత, మధ్యలో చిన్న కాలి ముక్క మిగులుతుంది. మిడితో బూట్లు వేయదలిస్తే బూటు పైభాగం స్కర్టు అంచు లోపలికి దూరిపోవడమే మేలు.

బ్యాగు గురించి ఇంత చెప్పవలసింది లేదు. అది ఎక్కడ వేలాడితే చూపు అక్కడ ఆగుతుందన్న ఒక్క సంగతి గుర్తుంటే చాలు. తుంటి దగ్గర వేలాడే పెద్ద బ్యాగు తుంటిని వెడల్పు చేస్తుంది. కుచ్చుల స్కర్టు ఇప్పటికే ఆ పని చేస్తోంది కనుక రెండూ ఒకేచోట పోటీ పడతాయి. 1997లో ఫెండీ తెచ్చిన బగెట్ బ్యాగు పొట్టి పట్టీతో చంక కిందే ఇమిడిపోతుంది కాబట్టి ఘేరా స్కర్టులకు అది ఏ ఇబ్బందీ పెట్టదు. 1984 నాటి హెర్మెస్ బర్కిన్ చేతిలోనో మోచేతి మీదో మోయవలసిన పెద్ద, బరువైన బ్యాగు. నిటారు పెన్సిల్ స్కర్టు పక్కన దానికి గొప్ప నిండుతనం ఉంటుంది, గాలికి ఎగిరే షిఫాన్ స్కర్టు పక్కన పెడితే బట్ట తేలిపోతుంది. ఒంటికి అడ్డంగా వేసుకునే పట్టీ నడుమును రెండుగా కోస్తుంది. నడుమే అందమైన స్కర్టు మీద ఆ పట్టీని వాడకపోవడం మంచిది.

బ్యాగూ చెప్పులూ ఒకే తోలు, ఒకే రంగు ఉండాలన్న పాత నియమం ఇప్పుడు తప్పనిసరి కాదు. దాన్ని గట్టిగా కదిలించినవారిలో ఇటలీ డిజైనర్ మ్యూచా ప్రాడాను చెప్పుకోవాలి. స్కర్టు మీద ఆమెకున్న మక్కువ ఎంతటిదంటే, కేవలం తన స్కర్టులతోనే 2004లో టోక్యోలో ఒక ప్రదర్శన పెట్టారు. పనితనం నిండిన స్కర్టు మీద సాదా స్వెట్టరు, కింద మొరటుగా కనిపించే బూట్లు వేయించడం ఆమె తీరు. అది విచ్చలవిడితనంలా కనిపిస్తుంది గానీ, నిదానంగా చూస్తే పనితనమంతా స్కర్టుకే వదిలేసి మిగతా రెండింటినీ నోరు మెదపనివ్వని క్రమశిక్షణ అందులో ఉంది.

మన చేనేతతో కుట్టించుకుంటే

పోచంపల్లి ఇక్కత్, కలంకారీ, ఉప్పాడ జాందానీ బట్టలతో స్కర్టులు కుట్టించుకునే తెలుగువారు హైదరాబాద్, విజయవాడల్లోనే కాదు, డల్లాస్‌లోనూ లండన్‌లోనూ కనిపిస్తున్నారు. విదేశీ బ్యాగు, విదేశీ చెప్పులతో వీటిని కలిపి వేసుకోవడం మంచి ఆలోచనే, కాకపోతే ఇక్కడ పారిస్ పాఠాలకు తోడు బట్ట స్వభావం కూడా తెలియాలి. ఇక్కత్‌లో నూలును నేయడానికి ముందే ముడులు వేసి రంగులో ముంచుతారు కనుక బొమ్మ నేతలోనే పుడుతుంది. చతురస్రాలూ వజ్రాకారాలూ వరుసగా నడిచే ఆ బట్టను ఏ-లైన్ ముక్కలుగా ఏటవాలుగా కోస్తే కుట్టు దగ్గర బొమ్మలు ఒకదాన్నొకటి అందుకోలేక విరిగిపోతాయి. నడుము దగ్గర కుచ్చు పెట్టిన నిలువు కోతలోగానీ, వెడల్పాటి బాక్స్ ప్లీట్లలోగానీ ఆ వరుస చెడదు. ఇంత గట్టి బొమ్మ ఉన్న స్కర్టు కింద చెప్పు సాదాగా ఉండాలి, బ్యాగు మీద లోగో పెద్దగా కనిపించకూడదు. రెండు జ్యామితులు ఒకచోట ఉంటే రెండూ ఓడిపోతాయి.

నీలిమందుతో అద్దిన కలంకారీ స్కర్టు వేసుకునేవారు లేత రంగు తోలు బ్యాగును దానికి ఆనించి వేలాడదీయకూడదు. నీలిమందు దారంలోకి పూర్తిగా కరిగిపోయే రంగు కాదు, పైపైన పట్టి ఉంటుంది. రాపిడికి పొడిగానే రాలుతుంది. కొత్త జీన్స్ ప్యాంటు లేత సోఫా మీద మరక వేసినట్టే ఇదీ గోధుమరంగు బ్యాగు వెనకవైపు నీలిమచ్చ వేస్తుంది. తోలులోకి ఇంకిన ఆ మచ్చను తీయడం చాలా కష్టం. మొదటి కొన్ని ఉతుకుల వరకు ముదురు బ్యాగు వాడడం, లేదా బ్యాగును చేతిలోనే పట్టుకోవడం మేలు. పట్టు మీద జరీ బుటా ఉన్న స్కర్టుతో మరో ప్రమాదం ఉంది. గొలుసు పట్టీ బ్యాగుల్లో గొలుసు కడియాల అతుకులు, కింద ఉండే లోహపు బొడిపెలు జరీ పోగును పట్టి లాగేస్తాయి. ఒక పోగు లేస్తే బుటా చుట్టూ బట్ట ముడుచుకుంటుంది. అలాంటి స్కర్టుకు షనెల్ తరహా గొలుసు బ్యాగు ఎంత ముచ్చటగా ఉన్నా భుజానికి వద్దు. గొలుసును లోపలికి మడిచి క్లచ్‌లా పట్టుకోవచ్చు, లేదంటే అంచులు మెత్తగా ఉన్న తోలు బ్యాగు తీసుకోవచ్చు.

లోపలి లైనింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మగ్గం మీద నేసిన పలుచని నూలు స్కర్టుకు లైనింగ్ లేకపోతే నడిచినప్పుడు బట్ట కాళ్ల మధ్య చుట్టుకుని, అంత శ్రద్ధగా సరిచేసిన అంచు ప్రతి అడుగులోనూ వంకర పోతుంది. నూలు లైనింగ్ నూలు స్కర్టును పట్టుకుంటుంది కనుక జారే గుణం ఉన్న బట్టను, స్కర్టు అంచు కంటే రెండు సెంటీమీటర్లు పొట్టిగా, దానికి విడిగా వేలాడేలా వేయించాలి. ఇంత చేశాక బ్యాగుకు మిగిలే డబ్బు తగ్గితే, తగ్గించుకోవలసింది బ్యాగు ఖర్చే.